మా పింకీ పుట్టినరోజు కేకు

మా పిల్లి పింకీ పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? మా అమ్మాయి దాన్ని వానలోంచి ఎత్తుకొచ్చిన రోజే పుట్టినరోజు. ఇప్పుడు తను హాస్టల్లో ఉంది. "అమ్మా, కేకు పెట్టి వీడియో కాల్ చెయ్యవా" అని ఒకటే గొడవ.

బేకరీ కేకు ఓ ముక్క పెడితే పోలా అనుకున్నాను కానీ, నిరుడు జరిగింది గుర్తొచ్చింది. కాళ్లకు చుట్టుకుంటోంది కదాని కోడికూర ముక్కలు గుజ్జుతో సహా పెట్టేశాను. మూడోరోజుకి తిండి మానేసి మూలన పడుకుంది, చిగుళ్లు పాలిపోయాయి. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తంలో ఎర్రకణాలను పాడుచేస్తాయని, ఉడికించినా ఆ గుణం పోదని డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలియదు. బతికింది, నా అదృష్టం. చాక్లెట్టు, ఎండుద్రాక్ష కూడా వాటికి పెట్టకూడదట. పాలు, మీగడ చాలా పిల్లులకు అరగవు.

అందుకే ఎముకల్లేని కోడిముక్కలు ఉప్పు కూడా వెయ్యకుండా ఉత్త నీళ్లలో ఉడికించి, సన్నగా చిదిపాను. ఉడికిన గుడ్డు సగం మెదిపి కలిపి, చిన్న గిన్నెలో అదిమి బోర్లించాను. అచ్చం ఇడ్లీలా వచ్చింది! పైన చెంచాడు ఉడికించిన గుమ్మడి గుజ్జు. చక్కెరతో పనే లేదు, పిల్లులకు తీపి రుచి తెలియదు. కొవ్వొత్తి మాత్రం దూరంగా పెట్టాను, మీసాలు కాలతాయని భయం.

"మనుషులకే ఇంత చెయ్యలేదు" అన్నారు మా అత్తయ్య, ఫోను తనే పట్టుకుని.

పింకీ గుమ్మడి వదిలేసి కోడి తింటోంది. అమ్మాయి పాట మొదలుపెట్టగానే ఆ గొంతు విని, కేకు వదిలేసి ఫోను వెనక్కి వెళ్లి వెతికింది.