నిలిచిన తరువాత

ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుని దర్శించి నారాయణఖేడ్‌కు తిరిగివస్తుండగా కారు బ్రేకు విచిత్రంగా ప్రవర్తించింది. బండి ఆగుతోంది, ఆగిన తరువాత పాదం స్థిరంగా ఉన్నా పెడల్ మెల్లగా అడుగుకు దిగుతోంది. బ్రేకు ద్రవం తగ్గలేదు, చక్రాల వద్ద తడి లేదు.

మెకానిక్ ఇంజను ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, నొక్కిపట్టి చూశాడు. అప్పుడూ దిగింది. "మాస్టర్ సిలిండర్ల రబ్బరు సీలు అరిగింది సారూ. బయటికి కారదు, లోపట్నే వెనుకకు జారుతది."

విషయాలు తొలగినా రసం మిగులుతుందన్న గీతా ద్వితీయాధ్యాయ వచనం స్ఫురించింది. జపవేళ నా దేహం నిశ్చలమే. తమ్మునితో పొలంగట్టు వివాదం మాత్రం అంతరంగంలో జారుతూనే ఉంటుంది. మౌనాన్ని శాంతి అనుకున్నాను.

సీలు మార్చేదాకా కారు కదపవద్దన్నాడు. తీసుకువెళ్లడానికి రమ్మని తమ్మునికే ఫోన్ చేశాను.