మూగజీవి నెత్తురు చెప్పిన మాట

ఇంటిలో పిల్లవానికి నలతగా నున్నచో ఎచ్చట నొప్పియో వాడే చెప్పును. చంటిబిడ్డ యేడ్చి తెలుపును. పెంపుడు కుక్కకుగాని పిల్లికిగాని ఆ భాగ్యము లేదు. దాని నడకను, తిండిని, నిద్రను కనిపెట్టి చూచు భారము గృహిణిపైననే పడుచున్నది. అయినను మన కంటికి కానరానిది కొంత కలదు. దానిని ప్రయోగశాలయే చూడవలెను. ఈ సంగతి మాకు బోధపడిన విధమును సోదరీమణులకు విన్నవింతుము.

మేము అమెరికాలోని మిషిగను రాష్ట్రమున కాపురముండువారము. 2022లో మా భైరవునికి పదియేండ్లు నిండినవి. ఆ వేసవిలో వాడు గిన్నెలకొలది నీరు త్రాగసాగెను, రాత్రి రెండు మూడు మారులు మూత్రమునకై తలుపు గీరెను, మెట్లెక్కుటకు వెనుదీసెను. రాజమహేంద్రవరమునుండి మా అత్తగారు టెలిఫోనులో, “అమ్మాయీ, దానికి వయసు మళ్లింది. ఎముకలలో పస తగ్గి ఉంటుంది. కాల్షియం పొడి అన్నంలో కలిపి పెట్టు, ప్రొద్దుటి ఎండలో పడుకోనీ” అని ప్రేమతో చెప్పిరి. పశువైద్యురాలు మాత్రము, ముందు నెత్తురు చూతము, పొడి సంగతి తరువాత ననిరి.

చూడగా కాల్షియము తక్కువగా లేదు సరిగదా, మిక్కిలి హెచ్చుగా నుండెను. 100 మిల్లీలీటర్ల రక్తరసములో ఇంచుమించు 9 మొదలు 11.5 మిల్లీగ్రాములవరకు ఉండవలసినచోట 13.2 ఉండెను. కాల్షియము హెచ్చినను కండరములు నీరసించును, దాహము పెరుగును, మూత్రపిండములు చెడిపోవచ్చును. ఇక నాపైన పొడి పెట్టినచో మండుచున్న పొయ్యిలో నేయి పోసినట్లే యగును.

హెచ్చుటకు కారణము లనేకములు. కొన్ని జాతుల కాన్సరు కావచ్చును. విటమిను డి మితిమీరుట కావచ్చును. కొన్ని యెలుకల మందులలోను, చర్మవ్యాధులకు మనము పూసికొను కొన్ని లేపనములలోను ఆ జాతి పదార్థమే యుండును. లేదా మెడలో థైరాయిడు ప్రక్కనుండు నాలుగు చిన్న పారాథైరాయిడు గ్రంథులలో నొకటి పెరిగియుండవచ్చును. ఇందేది నిజమో తేల్చుటకు నాలుగు కొలతలు కావలెను: రక్తములో విడిగా నుండి పనిచేయు కాల్షియము, పారాథైరాయిడు హార్మోను, దానిని పోలినట్టిదై కొన్ని కాన్సరులు పుట్టించు మరియొక పదార్థము, దేహములోని విటమిను డి నిలువ.

ఆ హార్మోను వేడికి చెడును. గాలి సోకినచో కాల్షియపు కొలత మారును. కావున రక్తరసమును వేరుచేసి, చల్లని మూటలనడుమ నుంచి, మిషిగను రాష్ట్ర విశ్వవిద్యాలయపు పశురోగనిర్ణయ ప్రయోగశాలకు పంపిరి. జవాబు వచ్చువరకు కాన్సరను మాట మా యింట నెవ్వరును పైకి పలుకలేదు. మనసులోనుండి తీయను లేదు.

కాన్సరు పదార్థము లేదు. విటమిను డి సరిగా నున్నది. పారాథైరాయిడు హార్మోనును హద్దులలోనే యున్నది. అన్నియు మంచివే యని మేము సంతసింపగా, వైద్యురాలు ఆ మూడవ అంకెనే వ్రేలితో చూపిరి. పాలు పొంగి పొరలుచుండగా మంట తగ్గింపవలెను గదా. అది మామూలుగా మండుచున్నదని యూరకుందుమా? రక్తములో కాల్షియము హెచ్చినప్పుడు ఆ గ్రంథులు హార్మోనును దాదాపు మానివేయవలెను. మానకుండుటయే దోషము. ఒక్కొక్క అంకెను విడిగా చూచినచో ఇది తెలియదు. రెంటిని కలిపి చదువవలెను.

అల్ట్రాసౌండులో బఠానిగింజంత గడ్డ కనబడెను. శస్త్రచికిత్స చేసి ఆ యొక్క గ్రంథిని తీసివేసిరి. మిగిలిన మూడును బహుకాలము పనిలేక సోమరులై యుండుటచేత, మొదటి వారమున కాల్షియము పడిపోయి మూర్ఛలు రావచ్చును. అందుచేత వైద్యురాలు అప్పుడు కాల్షియమును, విటమిను డి మందును కొలిచి యిచ్చి, మరల మరల నెత్తురు చూచి, క్రమముగా తగ్గించిరి. వేసవిలో వలదన్న వస్తువే శస్త్రచికిత్స పిమ్మట ప్రాణరక్షకమయ్యెను! నెల తిరుగకమునుపే భైరవుడు మెట్లెక్కెను.

ఎండమాటయు నొకటి తెలియవలెను. కుక్కలకును పిల్లులకును చర్మములో విటమిను డి చాలినంత పుట్టదు; ఆహారమునుండియే రావలెను. ఈ విషయమున మనము కుక్కజాతికి ఋణపడియున్నాము. 1919లో ఇంగ్లండున ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లలను పరీక్షించియే, రికెట్సు వ్యాధి ఆహారలోపమున వచ్చుననియు, కాడ్‌లివరు నూనెచే నివారింపబడుననియు చూపెను. మన బిడ్డల యెముకలు ఆ విద్యవలన నిలిచినవి. కాల్షియముతోపాటు భాస్వరమును గూడ కొలుతురు. ఆ కొలతకు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రసిద్ధమైన పద్ధతిని చూపినవారు, భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారే.

కేవల మాంసముతో పెరుగు కుక్కపిల్లకు కాల్షియము నిజముగానే చాలదు. అప్పుడా హార్మోను ఎముకలనుండి దానిని లాగి వానిని పెళుసు చేయును. ముసలికుక్క నీరసము, పసికుక్క కుంటు, రెండును చూచువారికి ఎముకల బలహీనతగానే తోచును. మందులు మాత్రము వేరు. కావున సోదరీమణులారా, మీ పెంపుడుజీవి నీరు హెచ్చుగా త్రాగుచున్నచో రోజున కెంతయో కొలిచి వ్రాసికొనుడు. అది తిను తిండిని, ఇంటిలోని లేపనములను వైద్యునికి చెప్పుడు. నెత్తురు పరీక్షింపక బలపుమందు పెట్టకుడు. నోరులేని ప్రాణిపై ప్రేమ యెంత యున్నను, కొలత తెలియని ప్రేమ దానికి ఔషధము కానేరదు.