కొలిచి కట్టిన పల్లె

ఇంగ్లండులో డిడ్‌కాట్ జంక్షన్‌కి దగ్గర్లో లాంగ్ విట్టెనమ్ అనే చిన్న ఊరుంది. అక్కడి పెండన్ మ్యూజియంకి వెళ్లేవాళ్లు చాలామంది బుల్లి రైళ్ల కోసమే వెళతారు. నేను మాత్రం ఎక్కువసేపు నిలబడిపోయింది ఇళ్ల ముందూ గూడ్సు వ్యాగన్ల ముందూ. 1925లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే కుర్రవాడు వైట్ హార్స్ లోయలోని పల్లెలు చూసి ముచ్చటపడ్డాడు. గడ్డి కప్పులు పోయి వేరే కప్పులు వస్తున్నాయి, పాత ఇళ్ల రూపం మారిపోతోంది. వాటిని కొలతలతో సహా నమూనాలుగా కట్టి నిలబెట్టాలని పూనుకున్నాడు. 1954లో మ్యూజియం వెలిసింది. 1995లో ఆయన పోయాక కూడా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే ఆ పని కొనసాగిస్తున్నారు. అసలు వస్తువులో అడుగు ఇక్కడ 4 మిల్లీమీటర్లు, అంటే సుమారు 76వ వంతు. కాలం 1920, 30 దశకాలు. ఈ పనిని తీరిక ఉన్నవాళ్ల సరదా అనుకునేవాళ్లున్నారు. నేనలా అనుకోను. ఒక వస్తువును మొదటినుంచీ చేత్తో కట్టడమంటే దాని చరిత్రను పరిశోధించడమే. రాతప్రతిని పరిష్కరించే పండితుడికి ఎంత ఓపిక, ఎంత అనుమానం ఉండాలో దీనికీ అంతే ఉండాలి.

ఒక ఇంటిని దగ్గరగా చూడండి. గోడ అట్టముక్క. దానిమీద ఒక్కొక్క ఇటుక గీత విడిగా గీసి, నీటిరంగులతో ఒక్కొక్క ఇటుకకూ కాస్త తేడాగా రంగు వేశారు. కప్పుకి వాడింది పైపు మరల దగ్గర ప్లంబర్లు చుట్టే పీచులాంటిది. దాన్ని కట్టలు కట్టలుగా అతికించి, చూరు దగ్గర కత్తిరించి దువ్వారు. ఒక్కో ఇంటికి వందల గంటలు పడుతుందంటే నమ్మవచ్చు. ఇందులో నన్ను ఆకట్టుకున్న సూత్రం ఒకటుంది: ఈ కొలతలో కర్రను చూపించడానికి కర్ర పనికిరాదు. నిజమైన చెక్కలోని చార 76వ వంతు ఇంట్లో కాలువంత వెడల్పు కనిపిస్తుంది. అందుకే తలుపుకి అట్టో ప్లాస్టిక్ పలకో వాడి, పైన రంగుతో చెక్క అనిపిస్తారు. నలుపు కూడా అంతే. దూరం నుంచి చూసినట్టు కనబడాలంటే కాస్త బూడిద కలపాలి. వస్తువు ఎలా ఉందన్నదే కాదు, మన కంటికి ఎలా అందుతుందన్నది కూడా తెలిస్తే తప్ప ఈ నిర్ణయాలు కుదరవు.

ఫోటోలున్నాయి, కొలతలు వేసిన పటాలున్నాయి, మళ్లీ ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. జవాబు వ్యాగన్ల దగ్గర దొరుకుతుంది. ఫోటో ఒక పక్కనే చూపిస్తుంది, రెండో పక్క గురించి ఏమీ చెప్పకుండా తప్పించుకుంటుంది. నమూనా కట్టేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఆ కాలపు పాత వ్యాగన్లలో కొన్నింటికి బ్రేకు ఒకవైపే ఉండేది, మరికొన్నింటికి రెండువైపులా ఉండేది. చేతిలో ఉన్న ఫోటో బ్రేకు పిడి ఉన్న పక్కదైతే, అవతలి పక్క ఏముందో వెతికి తేల్చుకోక తప్పదు. అక్షరాల సంగతి ఇంకా ఆసక్తికరం. గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన వ్యాగన్ల మీద ‘జి డబ్ల్యు’ అని 1904 నుంచి 25 అంగుళాల ఎత్తున రాయించింది. 1920 ప్రాంతంలో దాన్ని 16 అంగుళాలకు తగ్గించింది, 1930ల రెండో సగంలో 5 అంగుళాలకు కుదించింది. నమూనా మీద ఇవి 8 మిల్లీమీటర్లకు పైన, 5కు పైన, 2కు లోపల. ఎత్తు తప్పితే కాలం తప్పినట్టే. అలాగని 1930 నాటి రైలులో అన్నీ 16 అంగుళాల అక్షరాలే పెట్టినా పొరపాటే. కొత్తగా రంగు పడని వ్యాగన్ మీద పాత పెద్ద అక్షరాలు మాసిపోయి ఇంకా ఉంటాయి. కాబట్టి ఆ రోజుల్లో ఎన్నేళ్లకోసారి రంగు వేసేవారో ఆరా తీయాలి. బల్లమీద కూర్చుని బొమ్మ చేస్తున్నట్టు కనిపించే మనిషి నిజానికి రైల్వే వర్క్‌షాపు నడిచిన తీరును తవ్వి తీస్తున్నాడు.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. పెండన్‌లోని పల్లె నిజంగా ఎక్కడా లేదు. లోయలోని వేర్వేరు ఊళ్ల ఇళ్లను ఒకచోట చేర్చి పేర్చిన ఊరది. అలాంటిదాన్ని సాక్ష్యం అనవచ్చా? ఊరి మొత్తానికి అనకూడదు, ఒక్కో ఇంటికి అనవచ్చు. ఆ తేడా చూసేవాడికి తెలియాలి. ఇంతకన్నా నన్ను ఇబ్బందిపెట్టే ప్రశ్న మరొకటి. ఎప్పుడూ వేసవి, ఎప్పుడూ పూలతోట. ఆ గడ్డి కప్పుల కింద చెమ్మ ఉండేది, రైతుకూలీకి చాలీచాలని కూలి ఉండేది. దీన్ని నేను తోసిపుచ్చను. ఎంత నిజాయితీగా కట్టినా నమూనా ఆకలిని చూపలేదు. కానీ కూలి లెక్కలు పుస్తకాల్లో మిగిలాయి. ఆ ఇంటి గోడ మందం, చూరు వాలు, కిటికీ చట్రం పెద్దగా ఎవరూ రాసిపెట్టలేదు. మిగతా చోట్ల దొరకనిదాన్ని నమూనా దాచింది, అందుకే దానికి విలువ.

ఇప్పుడు లేజర్ కోతలూ త్రీడీ ప్రింటర్లూ వచ్చాక ఇదంతా పాతబడిందనే వాదన నాకు అంతగా పట్టదు. యంత్రం కోస్తుంది, కొలవదు. ఎవరో చేసిన కంప్యూటర్ ఫైలును వంద మంది అచ్చు వేసుకుంటే, అందులోని తప్పు కూడా వందసార్లు అచ్చవుతుంది. కొలిచినవాడే యంత్రానికి అప్పగిస్తే మాత్రం నాకే అభ్యంతరమూ లేదు. ఈ విషయం మనకు మరీ అవసరం. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు కొలతలో అది 19 మిల్లీమీటర్లకు పైగా రావాలి. దుకాణంలో దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లు, అంటే యూరప్, అమెరికాల 1435 గేజ్‌కు సరిపోయేది. దానిమీద పెడితే మన వ్యాగన్ ఇరుకు కాళ్ల మీద నిలబడినట్టుంటుంది, లేదంటే పట్టాతో సహా అన్నీ సొంతంగా కట్టుకోవాలి. అందులోనూ మన పాత నాలుగు చక్రాల వ్యాగన్లు వాడుక నుంచి తప్పుకున్నాయి. గుంటూరు–గుంతకల్లు లాంటి మీటర్‌గేజ్ లైన్లు బ్రాడ్‌గేజ్ అయ్యాయి. పెంకుల కప్పు స్టేషనూ కర్ర మెట్ల సిగ్నల్ క్యాబినూ ఎక్కడైనా ఇంకా మిగిలుంటే, టేపు పట్టుకుని వాటి నాలుగు పక్కలా కొలిచి, తలుపు వెడల్పు నుంచి చూరు వాలు దాకా కాగితం మీద పెట్టుకోవలసింది అవి నిలబడి ఉండగానే.