నది దాటిన బడి

రెండువేల మూడువందల ఏళ్ళ కిందట చైనాలో మెంగ్ అనే కుర్రవాడు ఉండేవాడు. వాడికి తండ్రి లేడు. తల్లి మగ్గం మీద నేత నేసి వాణ్ణి పెంచేది. వాళ్ళ ఇల్లు శ్మశానం పక్కన ఉండేది. పిల్లలు చూసిందే ఆడతారు గదా! మెంగ్ గోతులు తవ్వి, ఉత్తుత్తి శవాలను పాతిపెట్టి, దొంగ ఏడుపులు ఏడ్చేవాడు. ఇది మంచి చోటు కాదని తల్లి బజారు దగ్గరకు ఇల్లు మార్చింది. అక్కడ మెంగ్ రాళ్ళను సరుకులుగా పెట్టుకుని, లేని గొప్పలు చెప్పి బేరాలాడటం నేర్చాడు. తల్లి మళ్ళీ మూటాముల్లే సర్దింది. మూడోసారి దొరికిన ఇల్లు ఒక బడి పక్కన ఉన్నది. అక్కడ మెంగ్ పెద్దలకు నమస్కరించటం, పాఠం వల్లించటం ఆడసాగాడు. తల్లి ఇక ఇల్లు మార్చలేదు. ఆ కుర్రవాడే పెరిగి పెద్దవాడై మెన్షియస్ అనే పేరుతో లోకప్రసిద్ధుడైన తత్వవేత్త అయినాడు.

ఈ కథ కొరియా దేశంలో సామెత అయింది. పిల్లల చదువుకోసం ఇల్లు మార్చే తల్లిని అక్కడ "మెంగ్ తల్లి" అంటారు. అయితే కొరియా రాజధాని అయిన సియోల్ నగరంలో ఈ కథ ఒకసారి తలకిందులుగా జరిగింది. ముందు బడే మూటాముల్లే సర్దుకుని నది దాటింది. తల్లులు తరవాత దాటారు. ఆ దారిన మనం కూడా ఒకసారి వెళ్ళి వద్దాం. పెద్ద శ్రమ లేదు. సియోల్‌లో నేల కింద నడిచే రైళ్ళు ఉన్నాయి. వాటిలో 3వ నంబరు మార్గం మనకు కావలసిన రెండు చోట్లనూ కలుపుతుంది.

మొదట ఆన్‌గుక్ స్టేషన్లో దిగి పైకి రండి. ఇది పాత సియోల్. ఒక వైపున ఒక రాజభవనం, రెండో వైపున ఇంకొక రాజభవనం. మధ్య పెంకుటిళ్ళ సందులు. ఉత్తరంగా కాస్త ఎగువకు నడిస్తే చెర్రీ చెట్ల మధ్య పొడుగాటి భవనాలు కనిపిస్తాయి. అది జొంగ్‌డోక్ గ్రంథాలయం. "గ్రంథాలయం అంటున్నారు, ఇది అచ్చం బడిలాగే ఉందే!" అంటారు మీరు. నిజమే. 1900లో స్థాపించిన గ్యోంగ్గి పాఠశాల ఇక్కడే ఉండేది. కొరియాలో అంత పేరున్న బడి మరొకటి లేదు. మంత్రులూ, న్యాయాధిపతులూ, ఆచార్యులూ ఎంతమందో అందులో చదివినవాళ్ళే.

అందులో చేరటం మాత్రం మాటలు కాదు. ఆరో తరగతి పూర్తి చేసిన పిల్లలు మిడిల్ స్కూలులో చేరటానికి పోటీ పరీక్ష రాయాలి. ఒక్క మార్కు తగ్గితే చోటు పోయినట్టే. ఆ ఒక్క మార్కు గురించి ఒక తమాషా కథ ఉన్నది.

కొరియావాళ్ళు బియ్యంతో "యొత్" అనే జిగురు మిఠాయి చేస్తారు. పరీక్షకు వెళ్ళేవాళ్ళకు దాన్ని తినిపిస్తారు. ఎందుకంటే వాళ్ళ భాషలో "అంటుకోవటం" అన్నా, "పరీక్షలో నెగ్గటం" అన్నా ఒకటే మాట. ఈ మిఠాయి వండేటప్పుడు అన్నంలో మొలకెత్తించిన బార్లీ కలుపుతారు. మీరు ఒక ముద్ద అన్నాన్ని మింగకుండా చాలాసేపు నమిలి చూడండి, తియ్యబడుతుంది. మన ఉమ్మిలో ఉన్న పదార్థం ఒకటి అన్నంలోని పిండిని చక్కెరగా మార్చటమే దీనికి కారణం. మొలకెత్తిన బార్లీలో కూడా అటువంటి పదార్థమే ఉన్నది. దాని పేరు డయాస్టేజ్.

1964 డిసెంబరులో జరిగిన పరీక్షలో, యొత్ చేయటానికి ఆ బార్లీకి బదులు ఏది వేయవచ్చు అని అడిగారు. "డయాస్టేజ్" అన్నవాళ్ళకు మార్కు వచ్చింది. "ముల్లంగి రసం" అన్నవాళ్ళకు రాలేదు. కాని ముల్లంగిలో డయాస్టేజ్ ఉన్నదని పిల్లల పాఠ్యపుస్తకమే చెబుతున్నది! చోటు పోగొట్టుకున్న పిల్లల తల్లులు ఊరుకోలేదు. ముల్లంగి రసం పోసి నిజంగానే యొత్ వండి, దాన్ని విద్యాశాఖ కార్యాలయానికి పట్టుకుపోయి అధికారులను తినమన్నారు. (కొరియా భాషలో "యొత్ తిను" అనేది ఒక తిట్టు కూడాను. ఆ సంగతి తల్లులకు గుర్తు లేదని నేను అనుకోను.) వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది. 1965లో తీర్పు తల్లుల పక్షాన వచ్చింది. 38 మంది పిల్లలకు గ్యోంగ్గి మొదలైన బళ్ళలో చోటు దొరికింది.

పన్నెండేళ్ళ పిల్లలు తిండీ నిద్రా మాని చదవటం చూసి ప్రభుత్వానికి కూడా బెంగ పుట్టింది. 1969లో సియోల్‌లో మిడిల్ స్కూలు పరీక్ష ఎత్తివేసి, దాని బదులు చీట్లలాంటి పద్ధతి పెట్టారు. చేతిపిడి ఉన్న ఒక పీపాలో గింకో గింజలంత గుండ్లు వేసి ఉంచారు. పిల్లలు వరసగా వచ్చి పిడి తిప్పారు. ఒక గుండు రాలింది. దాని మీద ఏ అంకె ఉంటే ఆ బడి! ఆ పిల్లలకు "గిరగిర తరం" అని పేరు పడింది. 1974లో సియోల్, బూసాన్ నగరాలలో హైస్కూళ్ళకు కూడా పోటీ పరీక్షలు పోయాయి. ధనవంతుడి కొడుకూ, బండివాడి కొడుకూ ఒకే పీపా తిప్పారు. నాకు తోచినంతవరకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా న్యాయమైన వస్తువు ఆ పీపాయే.

మరి, బడి నది ఎందుకు దాటింది?

సియోల్ మధ్యగా హాన్ నది పారుతున్నది. దాని వెడల్పు ఇంచుమించు ఒక కిలోమీటరు. పాత నగరం అంతా నదికి ఉత్తరాన ఉన్నది. ఉత్తర కొరియా సరిహద్దు అక్కడికి 50 కిలోమీటర్లు కూడా లేదు. 1950 జూన్ 25న యుద్ధం వచ్చింది. 28వ తేదీ తెల్లవారకముందే, శత్రువులు దాటకుండా, హాన్ నది వంతెనను దక్షిణ కొరియా సైన్యమే పేల్చేసింది. నగరవాసులు లక్షలమంది ఉత్తరపు ఒడ్డున చిక్కుపడిపోయారు. ఆ భయం వాళ్ళను చాలాకాలం విడవలేదు. అలాటిది, 1960లో 24 లక్షలు ఉన్న సియోల్ జనాభా 1970 నాటికి 54 లక్షలు దాటింది. ఆ జనంలో ఎక్కువమంది నదికి ఉత్తరానే కిక్కిరిసి ఉన్నారు. వాళ్ళను దక్షిణానికి పంపటం ఎలా? 1969 డిసెంబరులో కొత్త వంతెన తెరిచారు. రోడ్లు గీశారు. 1972లో ఉత్తరాన కొత్త ఫాక్టరీలూ, పెద్ద దుకాణాలూ పెట్టరాదని ఆంక్షలు విధించారు. అయినా జనం అంతగా కదలలేదు.

ఇక మనం రైలెక్కుదాం. ఏడు స్టేషన్ల వరకు కిటికీలో చీకటే. ఓక్సు స్టేషన్ దగ్గర రైలు వెలుగులోకి వచ్చి, వంతెన ఎక్కి, ఒక్కసారిగా హాన్ నది మీదికి వస్తుంది. మాటలాడుకుంటున్నవాళ్ళు కూడా తల తిప్పి బయటికి చూస్తారు. అవతలి ఒడ్డు పేరే గాంగ్నమ్. అంటే "నదికి దక్షిణం" అని అర్థం. వంతెన దాటగానే వచ్చే స్టేషన్ ఆప్‌గుజాంగ్. ఇప్పుడక్కడ ఆకాశాన్ని అంటే మేడలు ఉన్నాయి గాని, 1960లలో బేరి తోటలు ఉండేవి. ఇంకో రెండు స్టేషన్లు పోతే జామ్‌వొన్. ఆ పేరులో పట్టుపురుగు ఉన్నది. పూర్వం ఈ ప్రాంతంలో పట్టుపురుగులు పెంచేవారు. 1963 దాకా ఇదంతా సియోల్‌లో చేరనే లేదు. వాన పడితే మోకాటి లోతు బురద. అక్కడ కాపురం ఉండాలంటే ఏది లేకపోయినా రబ్బరు బూట్లు ఉండాలనేవారు.

అటువంటి చోటికి గ్యోంగ్గి హైస్కూలును తరలిస్తామని 1972లో ప్రభుత్వం చెప్పింది. పాత విద్యార్థులు మండిపడ్డారు. కాని 1976లో బడి నది దాటనే దాటింది. 1978లో హ్విమున్ బడి దాటింది. 1980లో సియోల్ హైస్కూలు దాటింది. అది అంతవరకు ఒక పాత రాజభవనం నేలమీద ఉండేది. బడి కదిలిన తరవాత ఆ భవనాన్ని కొంతమేరకు మళ్ళీ కట్టారు. ఒకటి వెంట ఒకటిగా పదికి పైగా పేరున్న బళ్ళు కదిలాయి. చీట్ల పద్ధతిలో కూడా క్రమంగా ఒక మార్పు వచ్చింది. ఇల్లు ఏ మండలంలో ఉంటే ఆ మండలపు బళ్ళలోనే చీటీ పడేది. గాంగ్నమ్ ప్రాంతం 8వ మండలం. ఇక చెప్పాలా! వంతెనకూ రోడ్డుకూ కదలనివాళ్ళు బడికి కదిలారు. పీపా ఉన్నది, కాని దాని దగ్గరకు పోవాలంటే ముందు నది దాటి ఇల్లు సంపాదించాలి.

దేచి స్టేషన్లో దిగండి. ఆన్‌గుక్ నుంచి అరగంట పైచిలుకు పట్టింది. ఎదురుగా 14 అంతస్తుల భవనాలు 28 బారులు తీరి ఉన్నాయి. వీటిని 1979లో కట్టారు. పేరు ఉన్మా. ఇళ్ళు 4,424. చూడటానికి అగ్గిపెట్టెల్లా ఉంటాయి, అందం చందం ఏమీ లేదు. కాని వాటి వెల వింటే గుండె ఆగుతుంది. ఆ వెల గోడలది కాదు, బళ్ళది. కొనలేనివాళ్ళకు "జొన్‌సే" అనే పద్ధతి ఉన్నది. నెలనెలా అద్దె ఇవ్వనక్కర లేదు. మొదటే ఒక పెద్ద మొత్తం ఇంటివాడి చేతిలో పెట్టాలి. ఇల్లు వదిలేనాడు అతను ఆ డబ్బు తిరిగి ఇస్తాడు. ఎందరో తమ సొంత ఇల్లు మరొకరికి ఇచ్చి, ఆ డబ్బుకు అప్పు కలిపి, ఇక్కడ ఇరుకు ఇంట్లో జొన్‌సేకు దిగుతారు. పిల్లవాడి హైస్కూలు చదువు ముగియగానే మళ్ళీ సామాను సర్దుతారు. మరికొందరు ఎక్కడో కాపురం ఉంటూ, కాగితాల మీద మాత్రం ఇక్కడ ఉన్నట్టు రాయించి దొరికిపోయారు.

2021 నుంచి కొరియాలో ప్రభుత్వ హైస్కూళ్ళలో అన్ని తరగతులకూ ఫీజు లేదు. కనక గాంగ్నమ్‌లో బడి ఉచితం. బడి పక్క ఇల్లే ఉచితం కాదు.

బడి వదిలినా దేచి పిల్లలకు సాయంత్రం రాదు. వీథి పొడుగునా ట్యూషన్ బళ్ళు మేడ మీద మేడగా ఉన్నాయి. రాత్రి పది గంటలకు వాటిని మూయాలని నగరపాలకులు నియమం పెట్టారు. ఆ వేళకు వీథి వెంట కార్లు బారులు కడతాయి. లోపల అమ్మలూ నాన్నలూ. ఇక్కడే సందులలో ఒక గింకో చెట్టు ఉన్నది, వయస్సు సుమారు 500 ఏళ్ళు. ఇది పల్లెటూరుగా ఉన్ననాటి చెట్టు. పిల్లలు దాని కింద ఆగటం అరుదు.

వచ్చిన దారినే తిరిగి ఆన్‌గుక్ పోదాం. స్టేషన్‌కు దగ్గరలో మరొక బడి ఉన్నది, పేరు గ్యోడొంగ్. కొరియాలో కొత్త పద్ధతి ప్రాథమిక పాఠశాలల్లో అన్నిటికన్నా పాతది ఇదే. 1894లో రాజకుటుంబపు పిల్లలకోసం పెట్టి, తరవాత అందరికీ తెరిచారు. ఒకప్పుడు ఇందులో వేలమంది పిల్లలు. చుట్టుపక్కల ఇళ్ళు ఆఫీసులయాయి, కాపురాలు నది దాటాయి, దేశంలో పుట్టే పిల్లలే తగ్గిపోయారు. ఇటీవలి సంవత్సరాలలో బడి మొత్తానికి రెండువందల మంది కూడా లేరు.

దీన్ని ఎవరూ నది దాటించలేదు. గేటు ముందర నిలబడితే ఆటస్థలం కనిపిస్తుంది. గంట కొట్టగానే పిల్లలు బయటికి వస్తారు. చేతిలో సంచీలు ఊపుకుంటూ కొందరు సందులోకి తిరుగుతారు, కొందరు రైలు స్టేషన్ మెట్లు దిగుతారు.