14 పేజీల నోట్సు

మా క్లాసులో నా నోట్సుకి మంచి డిమాండ్ ఉండేది. హెడ్డింగులకి ఎరుపు, డెఫినిషన్లకి నీలం, మధ్యలో ఆకుపచ్చ బాణాలు. సార్ దగ్గు ఒక్కటే వదిలేసి మిగతాదంతా రాస్తానని ఫ్రెండ్స్ ఏడిపించేవాళ్ళు. నాకది పొగడ్తలాగే వినిపించేది.

సెకండియర్ మొదటి సెమిస్టర్‌లో నా రూమ్మేట్ పచ్చకామెర్లు వచ్చి రెండు వారాలు ఇంట్లో ఉన్నాడు. వాడు పాలిటెక్నిక్ చదివి నేరుగా సెకండియర్‌లో చేరినవాడు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. తిరిగొచ్చేసరికి మిడ్ పరీక్షకి నాలుగు రోజులే ఉంది. డేటా స్ట్రక్చర్స్‌లో ఏవీఎల్ ట్రీ క్లాసులు మొత్తం పోయాయి. నా 14 పేజీలు గర్వంగా వాడి చేతిలో పెట్టా.

ఆ రాత్రి అడిగాడు: "మావా, ఎత్తులో తేడా 1 దాటితే రొటేట్ చేయాలని రాశావు. అసలెందుకు తిప్పాలి? తిప్పకపోతే ఏమవుద్ది?"

నోట్సు తిరగేశా. సార్ చెప్పిన ప్రతి వాక్యం ఉంది. ఆ ప్రశ్నకి జవాబు లేదు. నా బుర్రలోనూ లేదు. తెలీదని ఒప్పుకోడానికి నామోషీ. "అదంతే రా, నాలుగు కేసులూ బట్టీ కొట్టెయ్" అన్నా. వాడు నమ్మాడు.

మిడ్‌లో అంకెలిచ్చి చెట్టు కట్టమన్నారు. ఇద్దరం తప్పే కట్టాం. 30కి నాకు 13, వాడికి 8. వాడు నన్నొక్క మాట అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

పేపర్లు ఇచ్చిన సాయంత్రం వాడు 10, 20, 30 అని మామూలు చెట్టులో వరసగా పెట్టి చూస్తున్నాడు. ప్రతిదీ కుడికే వెళ్ళి చెట్టు కాస్తా తాడులా సాగింది. "ఇలా 1000 అంకెలు వస్తే చివరిదాని కోసం 1000 సార్లు పోల్చాలి కదా!" అన్నాడు. ఏవీఎల్ అయితే ఎంతని లెక్కేశాం. 14 దాటదు. "మా తాత కావిడి మోసేవాడు రా. ఒకపక్క బరువెక్కితే భుజం అటు జరిపేవాడు. ఇదీ అంతే. 10 కింద ఉన్న భుజాన్ని 20 కిందకి జరపాలి."

నా 14 పేజీల్లో లేనిది ఆ నాలుగు ముక్కల్లో ఉంది.

2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన పరిశోధన ఒకటి తర్వాత చదివా. లాప్‌టాప్‌లో నోట్సు టైప్ చేసేవాళ్ళు విన్నది విన్నట్టు దించేస్తారనీ, అర్థాన్ని పరీక్షించే ప్రశ్నల్లో వెనకబడ్డారనీ చెప్పారు. తర్వాత ఇతరులు మళ్ళీ చేసి చూస్తే తేడా అంత గట్టిగా కనపడలేదు. నా విషయంలో మాత్రం తప్పు పెన్నుదీ కాదు, లాప్‌టాప్‌దీ కాదు. నేను పెన్నుతోనే టైపిస్టు పని చేశా.

ఇప్పుడు కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ మొదలుపెట్టిన పద్ధతిని నాకు తగ్గట్టు మార్చుకుని వాడుతున్నా. పేజీని నిలువుగా గీత గీస్తా. కుడివైపు వెడల్పు భాగంలో క్లాసులో విన్నది, పొట్టి పొట్టి ముక్కల్లో. తల తిరిగిన చోట రెండు లైన్లు ఖాళీ వదిలి చుక్క పెడతా, క్లాసయ్యాక సార్‌ని అడుగుతా. ఆ రాత్రే ఎడమవైపు ప్రశ్నలు రాస్తా: ఎందుకు? లేకపోతే ఏమవుతుంది? కుడివైపు చేత్తో మూసి జవాబు చెప్పుకుంటా. పేజీ కింద మూడు వాక్యాల సారాంశం, తెలుగులో.

తెలుగెందుకంటే, ఇంగ్లీషులో రాస్తే సార్ వాక్యమే మళ్ళీ దిగిపోతుంది. తెలుగులో రెడీమేడ్ వాక్యం దొరకదు. అర్థమైతేనే రాయగలను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్ణి, ఒక్కో వాక్యానికి చెమటలు పడతాయి. పర్లేదు, ఎక్కడ ఆగిపోయానో అదే నాకు రానిది.

మొన్న వాడు ఊరెళ్ళి రెండు రోజుల క్లాసులు పోగొట్టుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్సు ఇచ్చా. రంగుల్లేవు, మూడే పేజీలు. పొద్దున్నే తిరిగిచ్చాడు. డెడ్‌లాక్ ఎందుకొస్తుందో వాడే నాకు చెప్పాడు. డౌట్ ఒక్కటే అడిగాడు.

"ఇంతా రాసి, ఈ 'కారనం' ఏంట్రా?"