అలమరలో దొరికిన జెండా

మన ఇళ్ళల్లో బీరువా అడుగున ఎప్పుడూ ఒక మూట ఉంటుంది. అమ్మమ్మ పెళ్ళిచీరో, నాయనమ్మ పట్టుపావడానో. కట్టుకోలేం, పారెయ్యలేం. ఏడాదికోసారి విప్పి మడత మారుద్దామంటే, పాత మడత దగ్గర పట్టు పిగిలిపోయి కనబడుతుంది. ప్రాణం ఉసూరుమంటుంది కదూ!

అలాంటి మూటే ఒకటి ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, ఒక ధర్మసంస్థ అలమరలో పదేళ్ళు పడి ఉంది. అది 2017లో వేలానికి వచ్చింది. అందులో ఉన్నది చీర కాదు, ఆడవాళ్ళ ఓటుహక్కు ఉద్యమం నాటి జెండా! ఊరేగింపులో ఇద్దరు రెండు కర్రలు పట్టుకుని మోసే పెద్ద బ్యానరు. మాంచెస్టర్ ఆడవాళ్ళే ఈ పోరాటంలో ముందున్నారని దాని మీద రాసి ఉంది. 1908 జూన్ 20న మాంచెస్టర్‌లోని స్టీవెన్సన్ స్క్వేర్‌లో దాన్ని ఆవిష్కరించారు, జూలైలో హీటన్ పార్కు సభకు మోసుకెళ్ళారు. ఆ తర్వాత ఎవరి ఇంట్లో ఉందో, ఎన్ని చేతులు మారిందో! జనం తలా కాస్త చందా వేసుకుంటే, ఆ సొమ్ము సాయంతో మాంచెస్టర్‌లోని పీపుల్స్ హిస్టరీ మ్యూజియం దాన్ని కొని సొంత ఊరికి తెచ్చుకుంది.

మీ అబ్బాయో అమ్మాయో ఆ దేశంలో ఉండి, మీరు చూడ్డానికి వెళితే, షాపింగు కాస్త తగ్గించుకుని ఈ మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. ఇర్వెల్ నది ఒడ్డున, ఒకప్పటి పంపింగ్ స్టేషన్‌లో ఉంటుంది. పాత బ్యానర్లను బాగుచేసే గది కూడా అక్కడే ఉంది. సూది, దారం, సన్నని వల గుడ్డ పెట్టుకుని, చిరిగిన పట్టును అంగుళం అంగుళం నిలబెడతారు. రఫ్ఫు కుట్టించుకోవడం మనకు తెలిసిందే కానీ, ఇంత ఓపిక చూస్తే మాత్రం ముక్కున వేలేసుకుంటారు. ఒక్క సంగతి. మీరు వెళ్ళిన రోజున ఆ జెండా వేలాడుతూ ఉంటుందని నమ్మకం లేదు. వెలుతురు తగిలితే పట్టు పాడవుతుందని బ్యానర్లను మారుస్తూ ఉంటారు. ముందే కనుక్కుని వెళ్ళండి.

ఆ రోజుల పట్టు అంత త్వరగా ఎందుకు చిట్లుతుందో తెలుసా? పట్టును ఉడికించి జిగురు తీసేస్తే బరువు తగ్గిపోతుంది. అమ్మేది తూకానికి మరి! పోయిన బరువు పూడ్చడానికి తగరపు లవణాల్లో నానబెట్టేవారు. కొత్తలో బరువుగా, గరగరలాడుతూ అందంగానే ఉండేది. వందేళ్ళయ్యేసరికి అద్దం పగిలినట్టు పగులుతుంది. అందుకే సేకరించేవాళ్ళు ఈ బట్టలను మడతపెట్టరు. ఆమ్లం లేని టిష్యూ కాగితం వేసి, లావుపాటి గొట్టానికి చుడతారు. మన పాత పట్టుచీరలకూ ఈ పద్ధతి పనికొస్తుంది. కలరా ఉండలు మాత్రం జరీకి తగలనివ్వకండి.

అదే ఊళ్ళో 62, నెల్సన్ స్ట్రీట్ కూడా చూడండి. ఎమ్మలీన్ పాంక్‌హర్స్ట్ కాపురమున్న ఇల్లు. 1903 అక్టోబర్ 10న ఆ ఇంటి ముందుగదిలోనే ఆమె సంఘం పుట్టింది. ఈ ఇంటినీ కూల్చేయబోతే ఆడవాళ్ళే అడ్డుపడి నిలబెట్టుకున్నారు.

ఆ సంఘానికి 1908లో మూడు రంగులు ఎంచింది ఎమ్మలీన్ పెథిక్-లారెన్స్. ఊదా గౌరవానికి, తెలుపు పవిత్రతకు, ఆకుపచ్చ ఆశకు. ఈ రంగుల్లో రిబ్బన్లు, భుజమ్మీదుగా వేసుకునే పట్టీలు, టోపీలు అన్నీ అమ్మేవారు. ఉద్యమానికి డబ్బు కావాలి కదా! ఇప్పుడు ఆ పట్టీలకే గిరాకీ. గిరాకీ ఉన్నచోట నకిలీలు తప్పవు. మూడు రంగులుంటే చాలు, ఓటుహక్కు నాటిదని అంటగట్టేస్తారు. ఎవరిది, ఎవరి చేతి నుంచి వచ్చింది అన్న ఆధారం అడగందే అనుభవజ్ఞులు చెయ్యి పెట్టరు. పైగా శాంతియుతంగా పోరాడిన ఇంకో పెద్ద సంఘం రంగులు వేరు: ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ.

నన్నడిగితే జెండాల కన్నా విలువైనవి పేర్లు కుట్టిన బట్టలు. తరతరాలుగా ఆడవాళ్ళు ఎన్ని దుప్పట్లు, గలీబులు కుట్టి ఉంటారు! ఎవరైనా వాటిమీద తన పేరు కుట్టుకున్నారా? లండన్ మ్యూజియం సేకరణలో ఒక బ్యానరుంది. జైల్లో నిరాహారదీక్ష చేసిన 80 మంది సంతకాలు దానిమీద కుట్టి ఉన్నాయి. గ్లాస్గో ఆర్ట్ స్కూల్లో కుట్టుపని నేర్పిన ఆన్ మాక్‌బెత్ దాన్ని 1910లో మొదట దుప్పటిగా తయారుచేసింది. పెథిక్-లారెన్స్ పది పౌన్లకు కొన్నది. ఆ జూన్‌లోనే బ్యానరుగా మార్చి ఊరేగింపులో మోశారు.

అదే సంవత్సరం చివర్లో లండన్‌లోని హాలోవే జైలుకు వెళ్ళిన ఒక ఐరిష్ ఆవిడ మనకు దగ్గరి మనిషి. ఆవిడే మార్గరెట్ కజిన్స్. 1915లో భర్తతో ఇండియా వచ్చి మదనపల్లెలో ఉన్నారు. 1919లో అక్కడే జనగణమన బాణీకి స్వరలిపి రాశారు. అంతకుముందే, 1917లో, మన ఆడవాళ్ళకూ ఓటు కావాలని సరోజినీ నాయుడు నాయకత్వంలో మాంటేగు దొర దగ్గరికి బృందం వెళ్ళడం వెనుక ఈవిడ పూనిక ఉంది. 1921లో మద్రాసు శాసనసభ ఒప్పుకున్నాక, ఆస్తి ఉన్న ఆంధ్ర జిల్లాల ఆడవాళ్ళకూ ఓటు వచ్చింది. ఇంగ్లండులో ముప్ఫై దాటిన కొందరికి 1918లోనూ, మగవాళ్ళతో సమానంగా అందరికీ 1928లోనూ వచ్చింది. పాంక్‌హర్స్ట్ ఆ చట్టం చూడలేదు, కొద్ది వారాల ముందే పోయారు.

చివరగా ఒక చేతిరుమాలు. ససెక్స్‌లో వెస్ట్ హోత్లీ అనే చిన్న పల్లె, అందులో ప్రీస్ట్ హౌస్ అనే పాతకాలపు ఇల్లు. 1912 మార్చిలో కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు హాలోవే జైల్లో పడ్డ ఆడవాళ్ళు కుట్టిన రుమాలు అక్కడుంది. 66 సంతకాలు, ఇంకా రెండుచోట్ల పొడి అక్షరాలు. వార్డర్ల కళ్ళెదుటే చేతులు మారుతూ కుట్టుకున్నారు. ఒకరి కుట్టు ముత్యాల్లా ఉంటుంది, ఇంకొకరిది వంకరటింకరగా. అందరికీ కుట్టుపని వచ్చనుకోవద్దు! ఈ రుమాలు కూడా ఊళ్ళో పాతబట్టల అమ్మకంలో కంటబడి మిగిలిందే. చలికాలం ఆ ఇల్లు మూసి ఉంటుంది, ఎండాకాలంలో వెళ్ళండి.