రిఫరీల అప్పులూ చూడాలి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ రిఫరీల గురించి ముందే ఆరా తీయడం వాళ్లను అవమానించడమేనని కొందరంటారు. నాకలా అనిపించదు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో రిఫరీగా ఉన్న టిమ్ డోనగీ తాను విజిల్ ఊదిన ఆటలమీదే పందేలు కాశాడు, లోపలి సమాచారం పందెంరాయుళ్లకు చేరవేశాడు. 2008లో 15 నెలల జైలుశిక్ష పడింది.

అమెరికాలో పందెం గెలుపోటములమీదే కాదు, ఎన్ని పాయింట్ల తేడా అన్నదానిమీద కూడా. చివరి నిమిషంలో ఒక్క ఫౌల్ ఇస్తే చాలు, గెలిచే జట్టు మారకుండానే డబ్బు చేతులు మారుతుంది. ఎవరికీ అనుమానం రాదు! పైగా కాలేజీ రిఫరీల్లో చాలామందికి నెలజీతం ఉండదు, మ్యాచ్‌కింత అని ఇస్తారు. 2018లో క్రీడా పందేలకు దారి తెరిచిన అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో చాలా రాష్ట్రాల్లో పందెం ఫోన్లోకే వచ్చేసింది. రిఫరీలమీద పోలీసు కేసులున్నాయా అని మాత్రమే చూస్తే ఎలా? అప్పులు, పందేల అలవాటు ఏటా చూడాలి. ఆడేది చదువుకునే పిల్లలు.